ప్రత్యామ్నాయ ప్రాసెసర్ నిర్మాణాలు, స్వేచ్ఛా హార్డ్‌వేర్

ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలు ఏవి, వాటిని 0, 1 అంకెలతో ఎలా రాయాలి, ఒక్కొక్క ఆదేశం అమలైనప్పుడు యంత్రంలో ఏ మార్పు జరగాలి అన్న నియమాలన్నిటినీ కలిపి ఇన్‌స్ట్రక్షన్ సెట్ లేదా ఆదేశావళి అంటారు. చిప్‌ను తయారుచేసేవారికీ దానిమీద నడిచే ప్రోగ్రాములు రాసేవారికీ మధ్య ఉన్న ఒడంబడిక ఇదే. ఒకే ఆదేశావళిని పాటించే రెండు చిప్‌లు, వాటి లోపలి నిర్మాణం ఎంత భిన్నంగా ఉన్నా, ఒకే ప్రోగ్రామును మార్పు లేకుండా నడపగలవు. ఆదేశావళి మారితే మాత్రం కంపైలర్ మొదలుకొని ఆపరేటింగ్ సిస్టమ్ వరకు అన్నిటినీ మళ్ళీ సిద్ధం చేసుకోవలసి వస్తుంది. అందువల్ల ఆదేశావళి ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్న సాంకేతికమైనది మాత్రమే కాక ఆర్థికమైనది, రాజకీయమైనది కూడా అయింది.

పర్సనల్ కంప్యూటర్లలో ఇంటెల్ సంస్థ 1978లో 8086 చిప్‌తో ప్రారంభించిన ఎక్స్86 వంశం, మొబైల్ ఫోన్లలో ఇంగ్లండుకు చెందిన ఆర్మ్ వంశం చాలాకాలంగా రాజ్యమేలుతున్నాయి. ఈ రెండింటికీ వెలుపల ఉన్న పవర్, మిప్స్, స్పార్క్, ఓపెన్‌రిస్క్, రిస్క్-ఫైవ్ వంటివాటిని ప్రత్యామ్నాయ నిర్మాణాలుగా వ్యవహరిస్తారు. ప్రత్యామ్నాయమైన ప్రతిదీ స్వేచ్ఛాయుతమైనది కాదు. చైనాలో 2000ల తొలినాళ్ళ నుంచి మిప్స్ ఆధారంగా వచ్చిన లూంగ్‌సన్ ప్రాసెసర్లు 2021లో లూంగ్‌ఆర్క్ అనే సొంత ఆదేశావళికి మారాయి, కాని అది కూడా లూంగ్‌సన్ సంస్థ సొత్తుగానే ఉంది. స్వేచ్ఛ అన్నది ఇక్కడ అంచెలంచెలుగా ఉంటుంది: ఆదేశావళి అందరిదీ కావచ్చు, దానిని అమలుచేసే చిప్ నమూనా రహస్యంగా ఉండవచ్చు, నమూనా బయటపెట్టినా దానిని గీయడానికి వాడిన సాఫ్ట్‌వేర్ ఖరీదైన లైసెన్సుతో మాత్రమే దొరకవచ్చు, అదీ ఉచితమైనా చిప్‌ను పోతపోసే కర్మాగారం తన ప్రక్రియ వివరాలను గోప్యంగా ఉంచవచ్చు. పై అంచె తెరుచుకున్నంత మాత్రాన కింది అంచెలు వాటంతట అవి తెరుచుకోలేదన్నది గత పాతికేళ్ళ అనుభవం.

ఆదేశావళి ఆస్తిగా మారిన క్రమం

ఆదేశావళిని యంత్రం నుంచి విడదీసి చూడడం 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360తో స్థిరపడింది. జీన్ అమ్‌డాల్, గెరిట్ బ్లావ్, ఫ్రెడరిక్ బ్రూక్స్ రూపొందించిన ఈ పద్ధతిలో చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాము అదే శ్రేణిలోని పెద్ద యంత్రంపై కూడా నడిచేది. కొనుగోలుదారుకు ఇది గొప్ప సౌకర్యమే అయినా, ఒకసారి ఆ ఆదేశావళికి ప్రోగ్రాములు రాసుకున్నవారు మరో సంస్థ యంత్రానికి మారడం కష్టమైంది. తరువాత ఎక్స్86 విషయంలో జరిగిందీ ఇదే. దాని హక్కులు ఇంటెల్, ఏఎండీ వంటి ఒకటి రెండు సంస్థల పరస్పర ఒప్పందాలలో చిక్కుకొని, కొత్తవారికి దాదాపు మూసుకుపోయాయి.

1970ల చివరికి ఆదేశావళులు విపరీతంగా పెరిగిపోయాయి. ఒక్క ఆదేశంతోనే మెమొరీ నుంచి విలువలు తెచ్చి, లెక్క చేసి, తిరిగి మెమొరీలో పెట్టే సంక్లిష్ట ఆదేశాలు వాటిలో చేరాయి. ఐబీఎంలో జాన్ కాక్ నాయకత్వంలో జరిగిన 801 పథకం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో డేవిడ్ ప్యాటర్సన్ బృందం, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ బృందం దాదాపు ఒకే కాలంలో దీనికి ఎదురుదారి పట్టాయి. కంపైలర్లు నిజంగా వాడే ఆదేశాలు కొన్నే కాబట్టి, వాటినే సరళంగా, వేగంగా అమలయ్యేలా ఉంచి మిగిలిన పనిని కంపైలర్‌కు అప్పగించాలన్నది వారి వాదన. ఈ పద్ధతికి రిస్క్ అన్న పేరు స్థిరపడింది. 1982లో బర్కిలీ విద్యార్థులు తయారుచేసిన తొలి రిస్క్ చిప్‌లో సుమారు 44,000 ట్రాన్సిస్టర్లే ఉన్నా, అది అప్పటి పెద్ద చిప్‌లకు దీటుగా పనిచేసింది. ఈ కృషికి హెన్నెసీ, ప్యాటర్సన్‌లకు 2017 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

సరళమైన చిప్‌ను చిన్న బృందం కూడా తయారుచేయగలదని బర్కిలీ ఫలితాలు చూపాయి. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన తొలి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. 1990లో ఏకార్న్, ఆపిల్, వీఎల్‌ఎస్‌ఐ సంస్థలు కలిసి ఆర్మ్‌ను ప్రత్యేక సంస్థగా నెలకొల్పినప్పుడు, చిప్‌లను తాను తయారుచేయకుండా నమూనాలను లైసెన్సుపై ఇచ్చే వ్యాపారాన్ని అది ఎంచుకుంది. లైసెన్సు రుసుముతోపాటు తయారైన ప్రతి చిప్‌పై రాయల్టీ చెల్లించాలి. సొంతంగా కోర్‌ను, అంటే ఆదేశాలను అమలుచేసే ప్రధాన భాగాన్ని, రూపొందించుకునే హక్కు కావాలంటే మరింత ఖరీదైన లైసెన్సు తీసుకోవాలి. ఎక్స్86తో పోలిస్తే ఇది ఎంతో ఉదారమైన ఏర్పాటు, దాని విజయానికీ అదే కారణం. అయినా ఒక విశ్వవిద్యాలయం కొత్త ఆలోచనను ఆర్మ్ ఆదేశావళిపై ప్రయోగించి, ఆ నమూనాను అందరికీ పంచిపెట్టే వీలు దానిలో లేదు.

తొలి స్వేచ్ఛా ప్రయత్నాలు

రిస్క్-ఫైవ్‌తోనే స్వేచ్ఛా ప్రాసెసర్ల ఉద్యమం మొదలైందన్న అభిప్రాయం సరైనది కాదు. స్పార్క్ ఆదేశావళి ఎనిమిదవ రూపం 1994లో ఐట్రిపుల్‌ఈ ప్రమాణంగా వెలువడి, రాయల్టీ బెడద లేకుండా ఎవరైనా వాడుకోగలిగే స్థితికి చేరింది. 1990ల చివర ఐరోపా అంతరిక్ష సంస్థ తన ఉపగ్రహాలకు ఏ ఒక్క దేశపు ఎగుమతి నిబంధనలకూ లోబడని ప్రాసెసర్ కోసం వెతికినప్పుడు, యిరి గైస్లర్ ఈ స్పార్క్ ప్రమాణాన్నే ఆధారం చేసుకొని లియాన్ అనే కోర్‌ను రూపొందించి దాని మూల నమూనాను బహిరంగంగా విడుదల చేశాడు. అంతరిక్షంలోని వికిరణం వల్ల ఒక బిట్ తారుమారైనా దానిని గుర్తించి సరిదిద్దుకునే రూపాలు ఆ వంశంలో వచ్చాయి, అవి ఉపగ్రహాలలో నేటికీ పనిచేస్తున్నాయి. సన్ మైక్రోసిస్టమ్స్ 2006లో తన ఎనిమిది కోర్ల సర్వర్ చిప్ నమూనాను ఓపెన్‌స్పార్క్ టీ1 పేరుతో, లినక్స్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు కిందే విడుదల చేసింది. పెద్ద వాణిజ్య సంస్థ తన పూర్తిస్థాయి ప్రాసెసర్ మూలాన్ని ఇలా బయటపెట్టడం అరుదైన సంఘటన.

ఓపెన్‌రిస్క్ వీటికి భిన్నం. స్లొవేనియాకు చెందిన డామియన్ లాంప్రెట్ ప్రారంభించిన ఈ పథకంలో ఆదేశావళి, కోర్, పరికరాలు అన్నీ మొదటి నుంచీ స్వేచ్ఛగానే పుట్టాయి. జె-కోర్ మరో దారి ఎంచుకుంది: హిటాచీ సంస్థకు చెందిన సూపర్‌హెచ్ ఆదేశావళిపై పేటెంట్ల గడువు తీరేదాకా ఆగి, అప్పటికే కంపైలర్లూ లినక్స్ మద్దతూ ఉన్న ఆ ఆదేశావళికి కొత్తగా స్వేచ్ఛా కోర్‌ను రాయడం. మిప్స్ హక్కులను పొందిన వేవ్ కంప్యూటింగ్ 2018 డిసెంబరులో ఆ ఆదేశావళిని ఉచితంగా అందిస్తామని ప్రకటించి, 2019 నవంబరులోనే ఆ పథకాన్ని మూసివేసింది. యజమాని దయపై ఆధారపడిన స్వేచ్ఛ ఎంత అస్థిరమైనదో ఈ ఉదంతం తెలియజేస్తుంది. ఐబీఎం మాత్రం 2019 ఆగస్టులో పవర్ ఆదేశావళిని రాయల్టీ లేకుండా అందుబాటులోకి తెచ్చి, మైక్రోవాట్ అనే చిన్న కోర్‌ను కూడా విడుదల చేసింది. పవర్9 చిప్‌తో రాప్టర్ సంస్థ తయారుచేసిన టాలోస్ 2 యంత్రంలో విద్యుత్తు అందిన క్షణం నుంచి నడిచే ఫర్మ్‌వేర్‌ను, అంటే హార్డ్‌వేర్‌లో నిలువ ఉండే తొలి ప్రోగ్రామును, వినియోగదారే మూలం నుంచి తయారుచేసుకోవచ్చు.

రిస్క్-ఫైవ్

2010 మే నెలలో బర్కిలీలో క్రిస్టే అసనోవిచ్, ఆయన విద్యార్థులు ఆండ్రూ వాటర్‌మన్, యున్‌సప్ లీ సమాంతర గణనపై పరిశోధనకు ఒక ఆదేశావళి కోసం వెతికారు. ఎక్స్86, ఆర్మ్ రెండూ క్లిష్టమైనవి, హక్కుల చిక్కులున్నవి. ఓపెన్‌రిస్క్ స్వేచ్ఛాయుతమైనదే కాని, దానిలో ప్రోగ్రామును మరోచోటికి మళ్ళించే శాఖా ఆదేశం తరువాతి ఆదేశం శాఖతో నిమిత్తం లేకుండా అమలయ్యే పాత ఏర్పాటు ఉండడం వల్ల, వేగవంతమైన చిప్‌లను నిర్మించడం కష్టమవుతుందని, 64 బిట్ల రూపం అప్పటికి పూర్తికాలేదని వారు భావించారు. అందువల్ల వేసవి పథకంగా సొంత ఆదేశావళిని ప్రారంభించారు. బర్కిలీలో వచ్చిన అయిదవ రిస్క్ రూపం కాబట్టి దీనికి రిస్క్-ఫైవ్ అని పేరు వచ్చింది. ప్యాటర్సన్ కూడా ఈ బృందంలో ఉన్నాడు. 2014లో సాధారణ ప్రోగ్రాములు వాడే ఆదేశాల నిర్దేశం రెండవ రూపాన్ని స్థిరపరచి, ఇక దానిని మార్చబోమని హామీ ఇచ్చారు. ఆదేశావళులు స్వేచ్ఛగా ఉండాలని వాదిస్తూ అసనోవిచ్, ప్యాటర్సన్ అదే ఏడాది ఒక నివేదిక ప్రచురించారు. మారదన్న ఆ హామీ లేకపోతే కంపైలర్ రాసేవారెవరూ దానిని నమ్మి శ్రమ పెట్టేవారు కాదు. రిస్క్-ఫైవ్ నిలదొక్కుకోవడానికి లైసెన్సు ఎంత కారణమో ఈ స్థిరత్వమూ అంతే కారణం.

దీని ప్రాథమిక రూపంలో 32 బిట్ల పూర్ణాంకాల గణనకు 40 ఆదేశాలే ఉన్నాయి. ప్రాసెసర్ లోపల విలువలను తాత్కాలికంగా నిలిపే 32 రిజిస్టర్లలో సున్నా సంఖ్య గలది ఎల్లప్పుడూ సున్నా విలువనే ఇస్తుంది. ఆరవ, ఏడవ సంఖ్యల రిజిస్టర్లలోని విలువలను కూడి అయిదవ దానిలో ఉంచమనే ఆదేశాన్ని పరిశీలిస్తే రూపకల్పనలోని జాగ్రత్త తెలుస్తుంది. ఆ ఆదేశం 32 బిట్లలో 0000000 00111 00110 000 00101 0110011 అని ఉంటుంది. కుడి చివరి ఏడు బిట్లు ఇది రెండు రిజిస్టర్ల మధ్య గణన అని తెలుపుతాయి. వాటి పక్కనున్న 00101 ఫలితం చేరవలసిన అయిదవ రిజిస్టర్. తరువాతి మూడు సున్నాలు, ఎడమ చివరి ఏడు సున్నాలు కలిసి చేయవలసినది కూడిక అని నిర్ణయిస్తాయి. మధ్యలోని 00110, 00111 మూల విలువలున్న ఆరు, ఏడు రిజిస్టర్లు. మూల రిజిస్టర్ల సంఖ్యలు, వాటిని వాడే ప్రతి ఆదేశ రూపంలోనూ ఇవే స్థానాలలో ఉంటాయి. కాబట్టి ఆదేశం ఏమిటో పూర్తిగా తేలకముందే చిప్ ఆ రిజిస్టర్లను చదవడం ప్రారంభించవచ్చు. చిన్న కోర్‌లో ఇది కాలాన్నీ, చిప్‌పై స్థలాన్నీ ఆదా చేస్తుంది.

గుణకార భాగహారాలు, దశాంశ గణన, 16 బిట్లకు కుదించిన ఆదేశాలు, ఒకేసారి అనేక విలువలపై పనిచేసే వెక్టర్ ఆదేశాలు వేరువేరు విస్తరణలుగా ఉంటాయి, అవసరమైనవే ఎంచుకోవచ్చు. చివరి ఏడు బిట్లలో 0001011, 0101011 వంటి కొన్ని సంకేతాలను ప్రమాణం ఎన్నటికీ వాడుకోదు. తయారీదారు తన సొంత ఆదేశాలను అక్కడ చేర్చుకోవచ్చు. నిఘంటువులో సొంత మాటలకు ఖాళీ పుటలు విడిచిపెట్టినట్టున్న ఈ ఏర్పాటు పరిశోధకులకు వరమైనా, ఒక్కొక్కరు ఒక్కో విస్తరణను ఎంచుకుంటే ఒకరి ప్రోగ్రాము మరొకరి చిప్‌పై నడవదన్న భయం మొదటి నుంచీ ఉంది. దీనికి పరిష్కారంగా, ఒక స్థాయి యంత్రంలో తప్పనిసరిగా ఉండవలసిన విస్తరణలను పేర్కొనే ప్రొఫైల్‌లు వచ్చాయి. పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఉద్దేశించిన ఆర్‌వీఏ23 ప్రొఫైల్ 2024 అక్టోబరులో ఆమోదం పొందింది.

2015లో ఏర్పడిన రిస్క్-ఫైవ్ ఫౌండేషన్, అమెరికా వాణిజ్య ఆంక్షలు సభ్యులను ఇబ్బంది పెట్టవచ్చన్న ఆందోళనతో 2020లో తన నమోదును స్విట్జర్లాండుకు మార్చుకుంది. లినక్స్ కెర్నెల్ 2018 జనవరిలో ఈ ఆదేశావళికి మద్దతు చేర్చుకోగా, డెబియన్ 2025 ఆగస్టులో విడుదలైన 13వ రూపంలో దీనిని అధికారికంగా స్వీకరించింది. అయితే దీని అసలు వ్యాప్తి వినియోగదారు కంటికి కనబడని చోట జరిగింది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్‌ల లోపల వ్యవహారాలు నడిపే చిన్న నియంత్రికలు, షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ తయారుచేసే వైఫై చిప్‌లు రిస్క్-ఫైవ్‌కు మారాయి. 2024 ఆగస్టులో వచ్చిన రాస్ప్‌బెరీ పై పికో 2 బోర్డుపై ఆర్మ్ కోర్లు రెండు, హజార్డ్3 అనే బహిరంగ రిస్క్-ఫైవ్ కోర్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఏ జతను నడపాలో వాడేవారే ఎంచుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లు, సర్వర్ల స్థాయిలో మాత్రం ఇది ఎక్స్86, ఆర్మ్‌ల వేగాన్ని ఇంకా అందుకోవలసే ఉంది.

భారతదేశంలో

దేశీయ కంప్యూటర్ తయారీ భారతదేశానికి కొత్త కాదు. హైదరాబాదులోని ఈసీఐఎల్ 1970లలోనే టీడీసీ శ్రేణి యంత్రాలను ఉత్పత్తి చేసింది. అయితే ప్రాసెసర్లు చిప్‌ల రూపం దాల్చిన తరువాత దేశం దాదాపు పూర్తిగా విదేశీ ఆదేశావళుల మీదనే ఆధారపడింది. మద్రాసు ఐఐటీలో వీ. కామకోటి నాయకత్వంలో రూపొందిన శక్తి పథకం ఈ స్థితిని మార్చే ప్రయత్నాలలో ముఖ్యమైనది. ఈ బృందం రిస్క్-ఫైవ్‌ను స్వీకరించి, బ్లూస్పెక్ అనే ఉన్నతస్థాయి హార్డ్‌వేర్ భాషలో రాసిన కోర్లను బీఎస్‌డీ లైసెన్సుతో విడుదల చేసింది. 2018లో ఒక చిప్ ఇంటెల్ వారి 22 నానోమీటర్ల ప్రక్రియలో, మరొకటి మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల ప్రక్రియలో తయారయ్యాయి. 2020లో మౌశిక్ అనే చిప్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మద్రాసు ఐఐటీ, ఇస్రో కలిసి ప్రకటించిన ఐరిస్ నియంత్రిక శక్తి వంశానికి చెందినదే, మొహాలీలోనే పోతపోసినదే.

బొంబాయి ఐఐటీ రూపొందించిన అజిత్ ప్రాసెసర్ స్పార్క్ ప్రమాణాన్ని అనుసరించింది. సీ-డాక్ సంస్థ రిస్క్-ఫైవ్‌పై వేగా ప్రాసెసర్లను నిర్మించి, తేజస్32 చిప్‌తో విద్యార్థులకు ఏరీస్ బోర్డులు అందించింది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఈ కృషిని డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమం కిందికి తెచ్చింది. వీటన్నిటిలో గమనించవలసినది 180 నానోమీటర్లన్న సంఖ్య. ఉపగ్రహాలకు, పరిశ్రమల నియంత్రణకు అది చాలినదే, వికిరణాన్ని తట్టుకోవడంలో కొంత అనుకూలమైనది కూడా. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు మాత్రం ఏమాత్రం చాలదు. ఆదేశావళిలో స్వాతంత్ర్యం వచ్చినంత సులభంగా తయారీలో స్వాతంత్ర్యం రాదు.

ఆదేశావళికి దిగువన

చిప్ నమూనాను వెరిలాగ్ వంటి భాషలో రాసిన తరువాత దానిని లాజిక్ గేట్లుగా మార్చి, గేట్లను స్థలంలో అమర్చి, తీగలు కలిపే సాఫ్ట్‌వేర్ చాలాకాలం కొద్ది సంస్థల గుత్తాధిపత్యంలో ఉండేది. నమూనాను నచ్చినట్టు తిరిగి అమర్చుకోగల ఎఫ్‌పీజీఏ చిప్‌లకూ తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తప్పనిసరిగా ఉండేది, ఎందుకంటే వాటిలోకి ఎక్కించే బిట్ల వరుసలో ఏ బిట్ దేనికన్నది రహస్యంగా ఉండేది. 2015లో క్లేర్ వుల్ఫ్, ఆమె సహచరులు లాటిస్ సంస్థ ఐస్40 చిప్‌ల విషయంలో ఈ రహస్యాన్ని ఛేదించారు. అత్యంత చిన్న నమూనాలను వేలకొద్దీ తయారుచేసి, ఒక్కోసారి ఒక్క తీగ లేదా ఒక్క గేటు మార్చి, తయారీదారు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫలితంలో ఏ బిట్లు మారాయో పోల్చి చూస్తూ మొత్తం పటాన్ని గీశారు. ఐస్‌స్టార్మ్ అనే ఆ పథకం, వుల్ఫ్ రాసిన యోసిస్ అనే సాఫ్ట్‌వేర్ కలిసి తొలిసారిగా పూర్తి స్వేచ్ఛా మార్గాన్ని ఏర్పరచాయి. ఓపికతో నిండిన ఈ పని రిస్క్-ఫైవ్ అంత ప్రసిద్ధి పొందకపోయినా, దానికి తీసిపోనిది.

పోతపోసే దశ ఇంకా కష్టమైనది. ఫౌండ్రీ, అంటే చిప్‌ను పోతపోసే కర్మాగారం, తన ప్రక్రియలో తీగల మధ్య ఎంత ఎడం ఉండాలి, ట్రాన్సిస్టర్ ఎలా ప్రవర్తిస్తుంది అన్న వివరాలను పీడీకే అనే సంపుటంగా, గోప్యతా ఒప్పందం చేసుకున్నవారికే ఇస్తుంది. అంటే నమూనా రూపకర్త స్వేచ్ఛగా పంచుకోవాలనుకున్నా, దాని తుది రూపంలో ఫౌండ్రీ రహస్యాలు కలిసి ఉండడం వల్ల పంచుకోలేడు. 2020లో అమెరికాలోని స్కైవాటర్, గూగుల్ కలిసి 130 నానోమీటర్ల పీడీకేను బహిరంగం చేయడంతో ఈ గోడకు తొలి గండి పడింది. బహిరంగ నమూనాలను గూగుల్ ఖర్చుతో, ఎఫాబ్‌లెస్ అనే సంస్థ ద్వారా, అనేకం కలిపి ఒకే వేఫర్‌పై పోతపోశారు. టైనీ టేప్‌అవుట్ పథకం విద్యార్థుల చిన్న నమూనాలను వందల సంఖ్యలో ఒకే చిప్‌పైకి చేర్చింది. 2025 తొలి నెలల్లో నిధుల కొరతతో ఎఫాబ్‌లెస్ మూతపడింది. పీడీకే మాత్రం పోలేదు. ఈలోగా జర్మనీలోని ఐహెచ్‌పీ పరిశోధన సంస్థ కూడా తన 130 నానోమీటర్ల ప్రక్రియను బహిరంగం చేసి ఉండడంతో టైనీ టేప్‌అవుట్ అక్కడ కొనసాగగలిగింది.

సర్క్యూట్ బోర్డుల స్థాయిలో పరిస్థితి ఎంతో మెరుగు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో తన బోర్డు పటాలను బయటపెట్టి లక్షలాది విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ నేర్పింది. కాపీరైట్ ఆధారంగా ఏర్పడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు వస్తువులకు సరిగా వర్తించవు కాబట్టి, సెర్న్ పరిశోధన సంస్థ 2011లో ప్రత్యేకంగా హార్డ్‌వేర్ లైసెన్సును రూపొందించింది. 2020లో వచ్చిన దాని రెండవ రూపం, మార్పులను తప్పక పంచుకోవాలన్న కఠిన నియమం నుంచి ఆ షరతు లేనిదాకా, మూడు రకాలుగా దొరుకుతుంది.

నమ్మకం, దాని హద్దులు

స్వేచ్ఛా హార్డ్‌వేర్‌ను కోరేవారిలో చాలామందిని కదిలించినది ఖర్చు కాక విశ్వాసం. ఇంటెల్ వేదికలలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే వేరే చిన్న ప్రాసెసర్, ప్రధాన ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండా తన సొంత ప్రోగ్రామును నడుపుతుంది. 2017 నవంబరులో దానిలోని తీవ్రమైన లోపాలను ఇంటెల్ స్వయంగా ప్రకటించి సవరణలు విడుదల చేసింది. యజమాని పరిశీలించలేని, తీసివేయలేని భాగం యంత్రం గుండెలో ఉండడం ఆందోళన కలిగించే విషయమే. గూగుల్ భాగస్వామిగా, కేంబ్రిడ్జిలోని లోరిస్క్ సంస్థ ఆధ్వర్యంలో 2019లో ప్రకటితమైన ఓపెన్‌టైటన్, యంత్రం నిజమైన ప్రోగ్రాముతోనే మొదలవుతున్నదని నిర్ధారించే భద్రతా చిప్‌ను ఇదే కారణంతో పూర్తిగా బహిరంగంగా నిర్మించింది.

బహిరంగమైనంత మాత్రాన లోపాలు ఉండవని కాదు. 2024 ఆగస్టులో జర్మనీలోని సిస్పా పరిశోధకులు చైనాకు చెందిన టీ-హెడ్ సీ910 రిస్క్-ఫైవ్ చిప్‌లో ఘోస్ట్‌రైట్ అనే లోపాన్ని బయటపెట్టారు. దానిలోని కొన్ని వెక్టర్ ఆదేశాలు, ఒక ప్రోగ్రాము మెమొరీని మరొకటి తాకకుండా కాపాడే ఏర్పాటును దాటిపోయి, నేరుగా భౌతిక మెమొరీలో రాస్తాయి. లోపం సిలికాన్‌లోనే ఉన్నందువల్ల వెక్టర్ విభాగాన్ని నిలిపివేయడం తప్ప మార్గం లేకపోయింది. అయితే పరిశోధకులు దీనిని కనుగొన్న పద్ధతి గమనించదగినది: ఒకే ఆదేశాల వరుసను వేరువేరు సంస్థల రిస్క్-ఫైవ్ చిప్‌లపై నడిపి, ఏది తేడాగా ప్రవర్తిస్తుందో చూశారు. ఒకే నిర్దేశాన్ని పలువురు స్వతంత్రంగా అమలుచేసినప్పుడే ఇటువంటి పోలిక సాధ్యమవుతుంది.

చేతిలోని చిప్ బహిరంగ నమూనాకు అనుగుణంగానే తయారైందని వినియోగదారు ఎలా తేల్చుకోవాలన్నది ఇంకా తేలని ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌ను మూలం నుంచి మళ్ళీ తయారుచేసి పోల్చవచ్చు, కాని కర్మాగారం నుంచి వచ్చిన సిలికాన్‌ను ధ్వంసం చేయకుండా పొరపొరగా చూడడం సామాన్య వినియోగదారుకు సాధ్యం కాదు. 2020లో ఆండ్రూ హువాంగ్, షాన్ క్రాస్ ప్రకటించిన ప్రికర్సర్ అనే చేతి పరికరం దీనికి ఒక సమాధానం ఇచ్చింది. దానిలో ప్రధాన ప్రాసెసర్ స్థిరమైన చిప్‌గా లేదు. వెక్స్‌రిస్క్‌వీ అనే రిస్క్-ఫైవ్ కోర్‌ను వినియోగదారే మూలం నుంచి తయారుచేసి ఎఫ్‌పీజీఏలోకి ఎక్కించుకుంటాడు కాబట్టి, ఏ రిజిస్టర్ చిప్‌లో ఎక్కడ ఉండబోతోందో ముందుగా ఎవరికీ తెలియదు, ఫలానా చోట ద్రోహపు సర్క్యూట్‌ను దాచడం తయారీదారుకు కష్టమవుతుంది. వేగంలో ఇది సాధారణ చిప్‌కు ఎంతో వెనుకబడుతుంది. సిలికాన్ లోపలికి పరారుణ కాంతి చొచ్చుకుపోగలదు కాబట్టి, బోర్డుపై బిగించిన చిప్‌నే వెనుకవైపు నుంచి ఫొటో తీసి నమూనాతో సరిపోల్చే పద్ధతిపై హువాంగ్ తరువాత కృషి ప్రారంభించాడు; దానితో గేట్లను విడివిడిగా గుర్తించలేకపోయినా, చిప్‌లోని పెద్ద భాగాలు ఉండవలసిన చోట, ఉండవలసిన పరిమాణంలో ఉన్నాయో లేదో చూడవచ్చు.